కాగితం వెనక వైపు

ఆ సోమవారం ఉదయం ఇంట్లో ఆరుగురు ఉన్నారు. వంటింటి గడప దగ్గర చేట పెట్టుకుని బియ్యం ఏరుతున్న నానమ్మ. తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ మాటిమాటికీ పొయ్యి వైపు చూస్తున్న అమ్మ. చెవి మీద పెన్సిలు పెట్టుకుని, పనికి ఆలస్యమవుతోందని చెప్పకుండానే చెప్తున్న నాన్న; ఆయన ఫర్నిచర్ షాపులో వడ్రంగి. హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని కుర్చీ అంచున కూర్చున్న నర్సు. ముందుగదిలో, బయటి మాటలు వినపడనంత చప్పుడుతో కుట్టుమిషను తొక్కుతున్న అత్త, అంటే నాన్న చెల్లెలు. ఇక పుస్తకాల అలమరకీ గోడకీ మధ్య, ఎవరికీ అడ్డురాని చోట, పరీక్షల సెలవుల్లో ఉన్న పదిహేనేళ్ళ పిల్ల.

ఆ పిల్లని ఇంట్లో అందరూ బొత్తాం అంటారు. ఆ పేరు పెట్టింది అత్తే. చిన్నప్పుడు ఎవరేం అడిగినా బదులివ్వకుండా నిలబడి ఉంటే, "దీని నోటికి ఎవరో బొత్తాం పెట్టేసి మర్చిపోయారు" అందట. ఆ మాట ఇంట్లో నిలిచిపోయింది. బడిలో హాజరు పిలిచేటప్పుడు తప్ప ఆమెకి వేరే పేరుందని ఎవరికీ గుర్తుండదు.

మనసు జబ్బుల ఆస్పత్రి నుంచి అత్త వచ్చి అప్పటికి పదకొండు రోజులు.

"ఇది కొత్తగా పెట్టారమ్మా," అంటోంది నర్సు, చేతిలో పెద్ద ఫోను తెరిచి. "ఇంటికెళ్ళిన పేషెంట్లలో ఎవరు నెల తిరక్కుండా మళ్ళీ మా దగ్గరికి వచ్చేస్తారో ముందే లెక్క కట్టి చెప్తుంది. జబ్బు ముదరకముందే పట్టుకోవచ్చని."

"అయితే దాని జాతకం మీ ఫోన్లో ఉందన్నమాట," అంది నానమ్మ, చేటలోంచి తలెత్తకుండా.

"జాతకం కాదు పెద్దమ్మా. జాతకానికి పుట్టిన టైమొకటి చెప్తే చాలు. దీనికి రోజూ చెప్పాలి."

"రోజూ చెప్తే నేనూ చెప్తాను జాతకం."

నర్సు నవ్వింది. నాన్న నవ్వలేదు. నర్సు సంచిలోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పరిచింది. తొమ్మిది ప్రశ్నలు, ఏడు రోజులు, ప్రతి ప్రశ్నకీ అవును అని ఒక గడి, కాదు అని ఒక గడి. మాత్ర వేసుకున్నారా. నిద్ర పట్టిందా. ఒకచోట కుదురుగా కూర్చోలేకపోతున్నారా. తమలో తాము మాట్లాడుకుంటున్నారా. తలుపు వేసుకుని ఒంటరిగా ఉంటున్నారా. తమ వస్తువులు ఎవరో ముట్టుకుంటున్నారని అంటున్నారా. ఎవరో తమని గమనిస్తున్నారని అంటున్నారా. బొత్తాం ఉన్నచోటి నుంచే తలకిందులుగా అవన్నీ చదివేసింది.

"ఇవాళ్టికి నలభై ఒకటి," అంది నర్సు ఫోను చూసి. "అంటే ఇలాంటి వాళ్ళు వందమంది ఉంటే నలభై ఒక్కమంది వెనక్కి వస్తారని. డెబ్బై దాటితే డాక్టరుగారు ఇంటిదగ్గర ఉంచనివ్వరు. కాగితం ఎవరు రాస్తారు?"

"నా చేతులెప్పుడూ నీళ్ళలోనే ఉంటాయి," అంది అమ్మ. ఆమె చూపు గదంతా తిరిగి అలమర పక్కకి వచ్చి ఆగింది. "ఇది రాస్తుంది. దీని నోట్లోంచి మాట ఊడిపడదు గానీ రాయమంటే చక్కగా రాస్తుంది."

"మంచిది. ఆవిడకి చెప్పే రాయమ్మా. దాపరికం వద్దు. శుక్రవారం మళ్ళీ వస్తాను, ఈలోపు బుధవారం ఫోన్ చేస్తాను."

స్కూటరు చప్పుడు వీధి మలుపు తిరిగేదాకా అమ్మ గుమ్మంలోనే నిలబడింది. తర్వాత వచ్చి బొత్తాం చెయ్యి పట్టుకుంది. ఆమె వేళ్ళు చల్లగా ఉన్నాయి.

"మీ అత్తకి చెప్పకు," అంది మెల్లగా. "చెప్తే మనముందు ఒకలా, వెనక ఒకలా ఉంటుంది. పోయినసారి మాత్రలు మింగినట్టే నటించింది, ఎవ్వరం కనిపెట్టలేకపోయాం. ఈసారి నువ్వు చూస్తూ ఉండు. చూసింది చూసినట్టు రాయి. అంతే."

నాన్న మాత్రం పనికి వెళ్ళేముందు స్క్రూడ్రైవరు పట్టుకుని ముందుగది తలుపు దగ్గరికి వెళ్ళాడు. అత్త మిషను మీద నుంచి కాలు తీసింది.

"గడియ వదులైందా అన్నయ్యా?"

"ఆఁ. బాగుచేసి తెస్తాను చిట్టీ."

నాలుగు స్క్రూలు తిప్పి గడియ చేతిలోకి తీసుకుని, స్క్రూల్ని చొక్కా జేబులో వేసుకున్నాడు. చెక్కలో నాలుగు సన్నటి చిల్లులు మిగిలాయి. ఆ తలుపుకి గడియ ఉంటేనే నిలకడ. అది లేకపోయేసరికి ఎంత దగ్గరగా వేసినా మళ్ళీ తనంతట తనే వెనక్కి జరిగి, వేలు పట్టేంత సందు వదిలేది.

హాల్లో చాప మీద బొత్తాం పుస్తకం తెరుచుకుని కూర్చునే చోటికి ఆ సందు సరిగ్గా ఎదురుగా ఉంది.

*

మంగళవారం ఎనిమిదింటికి అత్త మాత్ర వేసుకుంది. నానమ్మ ఎదురుగా నిలబడి, అడక్కముందే నోరు తెరిచి, నాలుక పైకెత్తి చూపించింది. అత్తకి ముప్ఫై ఆరేళ్ళు.

"లోపల ఇంకో పన్ను పుచ్చుతోంది, చూసుకో," అంది నానమ్మ.

"పన్నుకి కూడా మాత్రిస్తారేమో అడుగమ్మా. ఎలాగూ పెట్టె నిండా ఉన్నాయి."

ఇద్దరూ నవ్వుకున్నారు. బొత్తాం కాగితంలో మొదటి గడిలో గుర్తు పెట్టింది.

యూనిఫాం షాపు నుంచి నలభై తెల్ల చొక్కాలు వచ్చాయి, వాటికి కాజాలు తీసి బొత్తాలు కుట్టాలి. శనివారానికి ఇవ్వాలి. ఆస్పత్రికి వెళ్ళకముందు అత్త ఇలాంటివి రెండు రోజుల్లో అవతల పారేసేదని నాన్న అంటాడు. ఇప్పుడు చొక్కాకి చొక్కాకి మధ్య లేస్తోంది. మిషను నుంచి కిటికీకి ఆరడుగులు. కిటికీ నుంచి మిషనుకి ఆరడుగులు. వెళ్ళి, వచ్చి, కూర్చుని, పాదాలు రెండూ నేలకేసి రాస్తూ, మళ్ళీ లేస్తుంది. కుదురుగా కూర్చోలేకపోతున్నారా. అవును.

నడుస్తూ పెదవులు కదుపుతోంది. తమలో తాము మాట్లాడుకుంటున్నారా. బొత్తాం పెన్సిలు ఆ గడి మీద ఆగింది. అది నాన్న పారేసిన పెన్సిలు ముక్క, చెక్క మీద గీతలు పెట్టే రకం, బల్లపరుపుగా ఉంటుంది. ఊపిరి బిగబట్టి వింటే అత్త "మూడుంపావు, మూడుంపావు, చివర రెండున్నర" అంటోంది. అంటూ వచ్చి చొక్కా పట్టీ మీద సుద్దతో చుక్కలు పెట్టింది.

అవును గడిలో గుర్తు పెట్టింది. మాట్లాడుతున్న మాట నిజమే కదా. కానీ ఆ గుర్తుని చూస్తే ఏదో మిగిలిపోయినట్టు అనిపించింది. గడిలో ఇంకేమీ పట్టదు. కాగితం తిప్పి, ఖాళీగా ఉన్న వెనక వైపున సన్నగా రాసింది: "మాత్ర 8. నడక 9 నుంచి. 11 దాకా ఆగలేదు. మధ్యాహ్నం తగ్గింది. అనే మాటలు: మూడుంపావు, రెండున్నర. బొత్తాలు ఎక్కడ కుట్టాలో కొలతలు."

అలా ఒకరిని చూస్తూ కూర్చుంటే, వాళ్ళు చేసే ప్రతి పనికీ వెనక ఇంకో పని ఉన్నట్టు కనపడుతుంది. అత్త నీళ్ళు తాగి ముఖం పక్కకి తిప్పుకుంది. ఎందుకు? దారం కొస నోట్లో పెట్టుకుంది, మళ్ళీ తీసింది. తడి చేయడానికేనా? చొక్కా మడిచి పెట్టి, రేకు డబ్బా తెరిచి, అందులోకి చాలాసేపు చూసి, మూత పెట్టింది. డబ్బాలో చూడ్డానికి ఏముంటుంది?

వంటింట్లో అమ్మ గొంతు తగ్గించి నానమ్మని అడుగుతోంది. "మింగుతోందంటారా?"

"నోరు తెరిచి చూపిస్తోందిగా."

"దవడకి పెట్టుకుని తర్వాత ఉమ్మేస్తారట. ఎక్కడో దాస్తారట."

"నా దవడలో పళ్ళే నిలవట్లేదు, అది మాత్ర ఎలా నిలబెడుతుంది?"

"మీకన్నీ వేళాకోళంగానే ఉంటాయి," అంది అమ్మ.

మధ్యాహ్నం అత్త స్నానానికి వెళ్ళింది. బొత్తాం లేచింది. తను లేస్తున్నట్టు తనకే ఆలస్యంగా తెలిసింది. ముందుగదిలో మిషను కింద ఆ రేకు డబ్బా ఉంది. మూత గట్టిగా ఉంది, గోరు విరిగింది. లోపల చిన్న చిన్న కాగితం పొట్లాలు, ఒక్కో పొట్లం మీద ఒక్కో నంబరు. పదకొండు విప్పింది. తెల్లటి చిన్న బొత్తాలు. పద్నాలుగు విప్పింది. అవీ తెల్లటివే. వేళ్ళతో కలియబెట్టి, ఒకటి పైకి తీసి చిల్లులున్నాయో లేవో చూసింది. అన్నిటికీ నాలుగు చిల్లులున్నాయి. మాత్ర ఒక్కటీ లేదు.

బాత్రూం తలుపు తెరుచుకున్న చప్పుడు. దోసిలితో బొత్తాలు ఎలా వస్తే అలా పొట్లాల్లో పోసి, మూత నొక్కి, చాప మీదికి వచ్చి పడింది. పుస్తకం తలకిందులుగా ఉంది. అత్త తల తుడుచుకుంటూ పక్కనుంచి వెళ్తూ, ఆ పుస్తకాన్ని సరిగ్గా తిప్పి ఆమె చేతిలో పెట్టింది.

"ఇలా చదివితే ఎక్కువ మార్కులొస్తాయా?" అంది.

*

బుధవారం పొద్దున్నే అత్త డబ్బా పట్టుకుని వంటింట్లోకి వచ్చింది.

"నా డబ్బా ఎవరు తీశారు?"

"ఎవరు తీస్తారు?" అంది అమ్మ.

"పదకొండు, పద్నాలుగు కలిసిపోయాయి వదినా. నాలుగు చొక్కాలకి తప్పు బొత్తాలు కుట్టాను. కాజా పట్టడం లేదు చూడు."

"నువ్వే కలిపేసి మర్చిపోయుంటావు."

"ఇరవై ఏళ్ళుగా కుడుతున్నాను. ఎప్పుడూ కలవలేదు."

"ఇప్పుడు వేసుకునే మాత్రలకి మతిమరుపు ఉంటుందన్నారుగా," అంది అమ్మ. ఆ మాట కటువుగా అనలేదు. చంటిపిల్లకి చెప్పినట్టు చెప్పింది. అదే అత్తకి కష్టంగా తోచినట్టుంది.

నాన్న తింటున్న కంచం ముందు నుంచి తలెత్తాడు. "చిట్టీ, ఇంట్లో ఎవరూ ముట్టుకోలేదమ్మా. ఎవరికేం పని?"

ఆయన నిజమే చెప్తున్నాడు. అమ్మా నిజమే చెప్తోంది. వాళ్ళకి తెలీదు. బొత్తాం నీళ్ళ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని అందులోకి చూస్తోంది. "నేనే" అనాలి. రెండు అక్షరాలు. అవి గొంతు దాకా వచ్చాయి, అక్కడ ఎప్పటిలాగే ఆగిపోయాయి. విరిగిన గోరుని అరచేతిలోకి ముడుచుకుంది.

అత్త గుమ్మానికి ఆనుకుంది. ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటూ, "ఇంకోటి కూడా," అంది. "చెప్తే మీరేమంటారో తెలుసు. అయినా చెప్తున్నాను. నన్నెవరో చూస్తున్నారు. కుడుతుంటే, నడుస్తుంటే. తలుపు సందులోంచి."

పొయ్యి మీద పాలు పొంగాయి. ఎవరూ దించలేదు. నానమ్మ లేచి దించింది.

"కాళ్ళు కూడా," అంది అత్త. "కాళ్ళల్లో ఏదో..."

"సరే సరే, నువ్వెళ్ళి కాస్త నడుం వాల్చు," అంది అమ్మ. అత్త వెళ్ళాక బొత్తాం వైపు చూసింది. నోటితో అడగలేదు, కనుబొమలు ఎత్తింది అంతే. రాశావా?

బొత్తాం రాసింది. వస్తువులు ముట్టుకుంటున్నారని అంటున్నారా, అవును. గమనిస్తున్నారని అంటున్నారా, అవును. అలా అన్నది నిజమే కాబట్టి గుర్తు తప్పు కాదు. ఆ రెండు గుర్తులూ మిగతావాటికంటే నల్లగా పడ్డాయి. పెన్సిలు మొన విరిగింది.

పదకొండింటికి నర్సు ఫోన్ చేసింది. అమ్మ కాగితం ఎడంచేత్తో పట్టుకుని, ముందువైపు గళ్ళు వరసగా చదివింది. అవును, అవును, కాదు, అవును. వెనక్కి తిప్పలేదు. వెనక ఏదైనా ఉంటుందని ఆమె అనుకోలేదు. అవతల నుంచి నర్సు అడిగింది, "గమనిస్తున్నారని ఎప్పటినుంచి అంటున్నారు?" "ఇవాళే మొదలు." డాక్టరుగారిని అడిగి చెప్తానని లైన్లోనే ఉండమంది. తర్వాత అమ్మ "ఆఁ, ఆఁ, పొద్దున పూట ఇంకో అరమాత్ర, ఆఁ" అని ఫోను పెట్టేసింది.

"అరవై మూడట," అంది నానమ్మతో.

"పరీక్షల్లో అయితే పాసే," అంది నానమ్మ. కానీ ఈసారి తనే నవ్వలేదు.

*

గురువారం అరమాత్ర కలిసింది. తొమ్మిదింటికి మొదలైన నడక భోజనాల వేళకి కూడా ఆగలేదు. అత్త కంచం చేత్తో పట్టుకుని నడుస్తూ తింది. కిటికీ, మిషను. మిషను, కిటికీ. తెల్ల చొక్కాలు కుర్చీ మీద గుట్టగా ఉన్నాయి, అయిపోయినవి ఒక పక్క, కానివి ఒక పక్క. కానివే ఎక్కువ. ఒక చొక్కా మీద చిన్న ఎర్రచుక్క పడితే, అత్త ఆ ఒక్క చోట సబ్బు రాసి, గోటితో రుద్ది, ఎండలో పట్టుకుని నిలబడింది. నిలబడి కూడా పాదాలు మార్చుకుంటూనే ఉంది.

"బొత్తాం," అని పిలిచింది. "ఇలా రా. దారం ఎక్కించు. సూది బెజ్జం నాతో ఆడుకుంటోంది."

బొత్తాం లోపలికి వెళ్ళింది. అత్త ఉండగా ఈ గదిని మూడు రోజులుగా సందులోంచి మాత్రమే చూస్తోంది. లోపలి నుంచి అది వేరే గదిలా ఉంది. అత్త అందించిన సూది సన్నగా వణుకుతోంది; చెయ్యి మారగానే వణుకు ఆగింది. ఆమె ఒకేసారికి ఎక్కించి ఇచ్చింది.

"నీ కళ్ళు మంచివే," అంది అత్త. మంచం మీద కూర్చుని, వెంటనే లేచింది. "ఏం చెప్పను. కాళ్ళల్లో చీమలు పుట్ట పెట్టినట్టుంది. కూర్చుంటే కరుస్తాయి, నడిస్తే ఊరుకుంటాయి. మాత్ర వేసుకున్నాక మరీనూ. మీ అమ్మకి చెప్పబోతే పడుకోమంటుంది. చీమలు పడుకోనిస్తాయా?"

బొత్తాం చొక్కా అంచు సరిచేస్తున్నట్టు తల వంచుకుంది.

"ఒక్క మాట అడుగుతాను. నువ్వయితే అబద్ధం చెప్పవు. అసలు మాటే చెప్పవు కాబట్టి," అత్త కొంచెం నవ్వింది. తర్వాత నవ్వకుండా అడిగింది. "ఆ సందులోంచి చూస్తోంది నువ్వా?"

చూసింది చూసినట్టు రాయి, అంతే, అంది అమ్మ. చెప్పకు అంది. బొత్తాం తల అడ్డంగా ఊపింది. ఊపడానికి గొంతు అక్కర్లేకపోయింది.

అత్త ఆమె ముఖంలోకి చాలాసేపు చూసింది. ఆమె కళ్ళల్లో కోపం గానీ అనుమానం గానీ రాలేదు. వచ్చి ఉంటే బాగుండేదని తర్వాత బొత్తాంకి అనిపించింది. ఉన్న అనుమానం కూడా పోయింది.

"అయితే సరే," అంది. "అయితే ఇది నా తలలోదే. మళ్ళీ మొదలైంది."

సూదిని పిన్నులుంచే చిన్న దిండుకి గుచ్చింది. మంచం కిందనుంచి సంచి లాగింది. ఆస్పత్రి నుంచి తెచ్చుకున్న సంచే, పట్టీకి ఇంకా ఆస్పత్రి చీటీ కట్టి ఉంది. అందులో రెండు జతల బట్టలు, తువ్వాలు, దువ్వెన పెట్టింది. ఒక్కోటి పెట్టడం, కిటికీ దాకా నడవడం, వచ్చి ఇంకోటి పెట్టడం.

"రేపు సిస్టరు వస్తే నేనే వస్తానంటాను. పోయినసారి లాగా నలుగురు పట్టుకుని ఎక్కించే దాకా ఎందుకు? నా కాళ్ళతో నేను వెళ్తే కాస్త మర్యాదగా ఉంటుంది," అంది. "ఆ చొక్కాలు పాపం ఎవరు కుడతారో."

బొత్తాం బయటికి వచ్చి చాప మీద కూర్చుంది. తలుపు ఎప్పటిలాగే తనంతట తను జరిగి సందు వదిలింది. ఆమె గోడవైపు తిరిగి కూర్చుంది.

*

శుక్రవారం పొద్దున, ఎవరూ లేవకముందు, కాగితం వెనక వైపున అన్నిటికంటే కింద నాలుగు వాక్యాలు రాసింది. రాసి, రబ్బరు పిడికిట్లో పెట్టుకుంది. చెరిపెయ్యడానికి ఇంకా టైముంది. నర్సు పదింటికి వస్తుంది.

తొమ్మిదింటికి ఒకసారి చెరపబోయింది. అమ్మ వంటింట్లో నానమ్మకి చెప్తోంది, "అది చూడబట్టే తెలిసింది. లేకపోతే పోయినసారి లాగే అయ్యేది." అమ్మ గొంతులో మెచ్చుకోలు ఉంది. ఈ ఇంట్లో ఆమె చేసిన పనిని అంతగా ఎవరూ ఎప్పుడూ మెచ్చుకోలేదు. రబ్బరు చెమటకి మెత్తబడింది.

పదింటికి స్కూటరు ఆగింది. నాన్న ఆ పూట సెలవు పెట్టాడు. అత్త సంచి పక్కన పెట్టుకుని, తల దువ్వుకుని, హాల్లో నిలబడి ఉంది. కూర్చోమన్నా కూర్చోలేదు. ఒక కాలి నుంచి ఇంకో కాలికి, ఇంకో కాలి నుంచి ఒక కాలికి.

నర్సు కాగితం ముందు పెట్టుకుని ఒక్కో గడీ చూస్తూ ఫోనులో నొక్కింది. వేలు చివరి గడి మీద నుంచి తీశాక, ఫోను తిప్పి నాన్నకి చూపించింది. ఎర్రటి గుండ్రం మధ్యలో డెబ్బై నాలుగు.

నాన్న ఆ అంకెని చెక్క మీద తప్పు కొలత చూసినట్టు చూశాడు.

"ఏమంటారమ్మా?" నర్సు అత్తని అడిగింది. ఆమె గొంతు మంచిగానే ఉంది. "ఎవరో చూస్తున్నట్టు అనిపిస్తోందా?"

"అనిపిస్తోంది. లేదని తెలుసు. అందర్నీ అడిగాను." అత్త సంచి పట్టీ చేతికి చుట్టుకుంది. "నేనే వస్తాను సిస్టర్. బండేమీ వద్దు. అన్నయ్య ఆటోలో దింపుతాడు."

నానమ్మ చేట పక్కన పెట్టింది. "మొన్ననే కదా వచ్చింది," అంది ఎవరితోనో. అమ్మ కళ్ళు తుడుచుకుంది. నర్సు ఆస్పత్రికి ఫోన్ కలుపుతూ కాగితాన్ని మడవడానికి అంచు పట్టుకుంది.

బొత్తాం అలమర పక్కనుంచి ఇవతలికి వచ్చింది. నోరు తెరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు. ఆమె చెయ్యి ముందుకు చాచి, నర్సు వేళ్ళ కిందనుంచి కాగితాన్ని లాగి, తిరగేసి, మళ్ళీ బల్ల మీద పెట్టింది. అంతే చేసింది. పిడికిలి విప్పేసరికి రబ్బరు నేల మీద పడి కుర్చీ కిందికి దొర్లింది.

నర్సు ఫోను చెవి దగ్గర పెట్టుకునే చదవడం మొదలుపెట్టింది. సగంలో ఫోను దించింది.

"ఈ టైములు నువ్వేనా రాసింది?"

బొత్తాం తలూపింది.

"మాత్ర ఎనిమిది, నడక తొమ్మిది. మంగళ, బుధ, గురు, మూడు రోజులూ తొమ్మిదే. అరమాత్ర కలిపిన రోజు సాయంత్రం దాకా." నర్సు తలెత్తి అత్త పాదాల వైపు చూసింది. వచ్చినప్పటి నుంచి మొదటిసారి వాటిని చూసింది. "అమ్మా, నడవాలని మీకే అనిపిస్తోందా, కాళ్ళే ఊరుకోవట్లేదా?"

"కాళ్ళే," అంది అత్త. "చీమలు."

"మాకెందుకు చెప్పలేదు?"

"చెప్పాను," అంది అత్త. ఎవరి వైపూ చూడలేదు.

"అది జబ్బు కాదు. మాత్రకి కొందరికి అలా ఉంటుంది. దానికి మేం మాత్ర పెంచాం." ఈ చివరి మాట నర్సు తనలో తను అనుకున్నట్టు అంది. మళ్ళీ కాగితం మీదికి వంగింది. కింది వాక్యాలు గట్టిగా చదువుతున్నట్టు ఆమెకి తెలీదు. పెదవుల మధ్య నుంచి వినపడుతూనే ఉన్నాయి. "డబ్బా తీసింది నేను. బొత్తాలు కలిపింది నేను. సందులోంచి చూసింది నేనే. అత్త అడిగితే కాదన్నాను, అది అబద్ధం."

అత్త పాదాలు ఆ ఒక్క క్షణం ఆగాయి.

"ఆవిడకి చెప్పి రాయమన్నాను కదమ్మా," అంది నర్సు అమ్మతో.

"చెప్తే నటిస్తుందని భయం," అంది అమ్మ. "పోయినసారి ఎవ్వరం చూడలేదు సిస్టర్. చూసుంటే అంతదాకా వచ్చేది కాదని రోజూ అనుకుంటాను. అందుకని ఈసారి..."

నర్సు బయటికి వెళ్ళి డాక్టరుతో చాలాసేపు మాట్లాడింది. కిటికీలోంచి ఆమె చెయ్యి గాల్లో కాగితం తిరగేస్తున్నట్టు తిప్పడం కనపడింది. తిరిగొచ్చి చెప్పింది. అరమాత్ర ఆపెయ్యాలి. కాళ్ళకి వేరే మాత్ర ఒకటి రాశారు. ఇవాళ ఎవరూ ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు, సోమవారం డాక్టరుగారే చూస్తారు. ఫోనులో రెండు గుర్తులు తీసేసింది. అంకె ఎంతకి దిగిందో ఈసారి ఎవరికీ చూపించలేదు, ఎవరూ అడగలేదు. సంచిలోంచి కొత్త కాగితం తీసి అత్త చేతికే ఇచ్చింది.

"ఇకనుంచి మీరే రాయండి. గడిలో పట్టకపోతే వెనక రాయండి. నేను తిప్పి చూస్తాను."

*

నర్సు వెళ్ళాక నాన్న తన పెట్టెలోంచి గడియ తీశాడు. స్క్రూలు ఇంకా అదే చొక్కా జేబులో ఉన్నాయి. తలుపు దగ్గరికి వెళ్తుంటే అత్త చెయ్యి చాపింది.

"ఇలా ఇవ్వు అన్నయ్యా."

"నేను పెడతాలే."

"ఇవ్వు."

ఒక్కో స్క్రూ పాత చిల్లులోనే పెట్టి తనే బిగించింది. చెయ్యి వణికి స్క్రూడ్రైవరు రెండుసార్లు జారింది. నాన్న పట్టుకోబోయి ఆగాడు. నాలుగోది బిగించాక గడియ ఒకసారి లాగి, ఒకసారి తోసి చూసింది. సంచిలోంచి బట్టలు తీసి మంచం మీద పెట్టింది. చొక్కాల గుట్టలోంచి తప్పు బొత్తాలు కుట్టిన నాలుగూ వేరు చేసింది. అవన్నీ విప్పాలి.

బొత్తాం గుమ్మం దగ్గర నిలబడి ఉంది. తను విప్పుతాననాలనుకుంది. పదకొండూ పద్నాలుగూ వేరు చేసి పొట్లాలు కట్టి పెడతాననాలనుకుంది. ఇంకా చాలా అనాలనుకుంది. ఇవాళ ఎందుకో గొంతులో అడ్డం కొంచెం పక్కకి జరిగినట్టుంది.

"అత్తా," అంది. మాట బయటికే వచ్చింది.

అత్త కొత్త కాగితం మిషను మీద పరిచి, పైన డబ్బా బరువు పెట్టింది. గుమ్మం దగ్గరికి వచ్చింది. ఆమె ముఖంలో కోపం లేదు. కానీ బొత్తాం అని పిలిచేటప్పుడు ఆ ముఖంలో ఉండే చనువు కూడా లేదు.

"ఆ పెన్సిలు ఇలా ఇవ్వు," అంది.

బొత్తాం ఇచ్చింది. వేళ్ళ చివర్లు పెన్సిలు పొడితో నల్లగా ఉన్నాయి. ఆమె ఒక కాలు గడప లోపల పెట్టబోయింది. అత్త అక్కడే నిలబడి, ఆ కాలు వెనక్కి వెళ్ళేదాకా ఆగింది. ఆ తర్వాత తలుపు దగ్గరికి లాగింది. సందు వేలంత అయింది, గీతంత అయింది, పోయింది. లోపల గడియ పడింది.